గట్టు వెంట కానుగలు

"ఇదేం లైనండీ ఇది? పాము పాకినట్టుంది! మీలో ఒక్కరికైనా కళ్ళు కనబడతాయా అని!"

ఆ అరుపు పునరావాస కాలనీ మలుపు దాకా వినబడింది. గౌరీశ్వరి అప్పుడే బాలవాడి తలుపుకి తాళం వేస్తోంది. తాళంచెవి కొంగున ముడేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, ఎర్రబురదలో పడుతూ లేస్తూ కొత్త రోడ్డు మీదికి వచ్చింది.

ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లకి వేస్తున్న రోడ్డు అది. దాని పక్కన పొడుగాటి కుర్రాడొకడు పురికొస ఉండ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా సగం తడిసింది. నెత్తి మీద గోనెసంచి మడిచి వేసుకున్నాడు. అతని ముందు కాలనీ ముసలివాళ్ళు, వాళ్ళ వెనక నవ్వు ఆపుకుంటున్న హైస్కూలు పిల్లలు.

"ఎవరండీ మీరు? పెద్దోల్ల మీద అలా అరుత్తన్నారేటి?"

"కొత్త సూపర్‌వైజర్నండి. నిన్నే జాయినయ్యాను. మీరెవరండి?"

"ఈల్లందర్నీ ఇక్కడికి పిలుచుకొచ్చినదాన్ని."

"ఆయ్! అయితే మీరే కావాలి నాకు. పొద్దున్న తాడు కట్టి, సున్నంతో గీత గీసి, కూలీల చేత గుంతలు తీయించానా? టీ తాగి వచ్చేసరికి ఆ గుంతలన్నీ వదిలేసి, ఎవరికి తోచినచోట వాళ్ళు కొత్త గుంతలు తీసి నాటేశారండి!"

"సున్నం వానకి కొట్టుకుపోనాది బాబూ," అంది కాశమ్మ. ఆ గుంపులో అందరికంటే నోరున్న మనిషి.

"సున్నం కొట్టుకుపోయింది సరే మామ్మగారూ, గుంతలు కూడా కొట్టుకుపోయాయా?"

పిల్లలు ఫక్కున నవ్వారు. ముసలివాళ్ళలో ఒక్క చలమయ్య మాత్రం ఎవరి వైపూ చూడలేదు. తాను నాటిన కానుగ మొక్క చుట్టూ మట్టిని మడమతో అదుముతున్నాడు. గౌరీశ్వరి తాత ఆయన.

"ఇంతకీ మీ పేరేటి?" అని అడిగింది గౌరీశ్వరి.

"తాతబాబండి."

కాశమ్మ గునపం కింద పడేసి నడుము పట్టుకుంది. "ఓలమ్మ! ఇంతమంది తాతలు సాలనేదని ఇంకో తాతొచ్చినాడర్రా!"

అందరూ నవ్వుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. గౌరీశ్వరికి కూడా నవ్వొచ్చింది గాని, తాత మొహం చూసి ఆపుకుంది.

ఈ గొడవతో శనివారాల మొక్కల పని ఆగిపోతుందేమోనని ఆమె భయం.

కాలనీలో ఉన్నవాళ్ళంతా జీలుగుపాలెం రైతులు. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఫ్యాక్టరీ, క్వార్టర్లు కలిసి ఆ ఊరున్న చోటు మీదే లేస్తున్నాయి. భూములు పోయినప్పుడు గౌరీశ్వరి తొమ్మిదో తరగతి చదువుతోంది. తర్వాత వయసువాళ్ళలో కొందరికి ఫ్యాక్టరీలో పని దొరికింది, కొందరు పోర్టులో మూటలు మోయడానికి వెళ్ళారు, కొందరు గాజువాక జంక్షన్‌లో కూలికి నిలబడుతున్నారు. ముసలివాళ్ళకే ఏమీ మిగల్లేదు. అలవాటు కొద్దీ కోడి కూతకే లేచేవాళ్ళు. లేచి ఏం చెయ్యాలో తెలియక నీళ్ళ ట్యాంకు మెట్ల మీద, పాత ఊరున్న దిక్కుకి మొహం పెట్టి కూర్చునేవాళ్ళు. చలమయ్య కొన్నాళ్ళకి ఆ కూర్చోవడం కూడా మానేశాడు. గోడకి తిరిగి పడుకునేవాడు. మనిషి పోవడానికి జబ్బే ఉండక్కరలేదని గౌరీశ్వరికి ఆయన్ని చూశాకే తెలిసింది.

కొత్త రోడ్డు పక్కన మొక్కలు నాటే పని మొదలవుతోందని విని, ఆమె కాంట్రాక్టరు గవర్రాజు దగ్గరికి స్వయంగా వెళ్ళింది. శనివారం మధ్యాహ్నాలు కాలనీ పెద్దవాళ్ళు జీతం లేకుండా వచ్చి నాటుతారు, ఒక్కో పెద్ద మనిషికి కొందరు బడిపిల్లల్ని అప్పజెబుతాం, వాళ్ళకి పని నేర్పుతారు, మొక్కల్ని కనిపెట్టుకుని ఉంటారు అని చెప్పింది. ఊరికే వచ్చే చేతుల్ని ఎవరు కాదంటారు? గవర్రాజు వెంటనే సరేనన్నాడు.

మొదటి శనివారం చలమయ్య అందరికంటే ముందే లేచి, పెట్టె అడుగునున్న తలగుడ్డ తీసి చుట్టుకున్నాడు. గౌరీశ్వరి తల్లి సీతాలు పొయ్యి ఊదడం మరిచిపోయి మామగారిని అలా చూస్తూ ఉండిపోయింది. భర్త లారీ కింద పడి పోయాక ఆ ఇంట్లో సీతాలు ఏడవడం గాని నవ్వడం గాని ఎవరూ చూడలేదు. ఆ రోజు మాత్రం కొంగుతో కళ్ళొత్తుకుంది.

గౌరీశ్వరికి కావలసింది అంతే. తాత మళ్ళీ గోడకి తిరక్కూడదు.

* * *

మరుసటి శనివారం తాతబాబు ఒక శుభవార్త తెచ్చాడు.

"పట్నంలో పెద్దాసుపత్రి వాళ్ళు కంటి క్యాంపు పెడుతున్నారండి. వీళ్ళందర్నీ తీసుకెళ్దాం. అద్దాలు కూడా ఇస్తారట."

"ఎందుకు?"

"లైను కనబడ్డానికండి."

"మా తాతకి ఆకాశంలో గద్ద కనబడతాది. మీకే కనబడతన్నట్టు నేదు, పెద్దోల్లతో ఎలా మాటాడాలో."

"నేనేమన్నానండీ ఇప్పుడు? కళ్ళకి మంచిదే కదా అన్నాను."

అతనికి ఇంకో బాధ కూడా ఉంది. వాళ్ళు నీళ్ళు పోస్తే పాదులు చెరువులయ్యేవి. "నారుమడి కాదు మామ్మగారూ! కానుగకి అంత నీరు పోస్తే వేరు కుళ్ళిపోద్దండి!" అని మొత్తుకునేవాడు. కాశమ్మ "దాహమేసినోడికి గ్లాసు కొలుత్తావేటి?" అని ఇంకో బిందె కుమ్మరించేది. ఆ విషయంలో మాత్రం అతనిదే నిజమని, ఆకులు పండిపోయిన నాలుగు మొక్కల్ని చూసి చలమయ్యే ఒప్పుకున్నాడు. "ఆ గుంటడు సెప్పినట్టు పొయ్యండి," అన్నాడు. అంతే, మరి మాట లేదు.

ఆ సాయంత్రమే వాన ముంచుకొచ్చింది. సముద్రం మీంచి నల్లగా లేచి, చూస్తుండగానే క్వార్టర్ల గోడలు కనబడకుండా చేసేసింది. పెద్దవాళ్ళూ పిల్లలూ కాలనీ వైపు పరిగెత్తారు. గునపాలు పోగు చెయ్యడానికి గౌరీశ్వరి వెనకబడింది. మురుగు కాలవ కోసం తెచ్చిన పెద్ద పెద్ద సిమెంటు గొట్టాలు రోడ్డు పక్కన దొర్లించి ఉన్నాయి. ఒక దాన్లో దూరింది. చూస్తే ఆ పక్క గొట్టంలో తాతబాబు ముడుచుకుని కూర్చున్నాడు.

ఒకే గొట్టంలో ఇద్దరు కూర్చుంటే కాలనీలో వారం రోజులు ఎవరికీ అన్నం అరగదు. అందుకని ఎవరి గొట్టంలో వాళ్ళే ఉండిపోయారు.

కాసేపటికి సిమెంటు లోంచి గొంతు వచ్చింది. "ఏవండీ, పక్కింట్లో వాన పడతందా?"

"పడతంది. మీ ఇంట్లోనో?"

"మా ఇంటికి గుమ్మాలు రెండున్నాయి గాని తలుపు ఒక్కటీ లేదండి."

"అద్దెకి దిగినప్పుడే సూసుకోవాల."

అతను నవ్వాడు. గొట్టంలో ఆ నవ్వు గుండ్రంగా తిరిగి ఆమె దాకా వచ్చింది. గౌరీశ్వరి మొహం తుడుచుకుంటున్నట్టు కొంగు అడ్డం పెట్టుకుంది, చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

"మీ గోదారోల్లకి అన్నీ తిన్నగుండాల, కాదేటి?"

"అలవాటండి. కాలవగట్టు తిన్నగా ఉంటది, గట్టు మీద కొబ్బరిచెట్లు తిన్నగా ఉంటాయి. మా నాన్న తాడు లేకుండా చెయ్యెత్తి చూసి వరస కట్టేసేవాడు."

"తోటుందా మీకు?"

పక్క గొట్టంలో అతను కాళ్ళు ముడుచుకున్న చప్పుడైంది.

"ఉండేదండి," అన్నాడు చివరికి. "కడియం అవతల, లంకలో. పూలమొక్కలు, మామిడంట్లు. మొన్న ఆగస్టులో గోదారి వచ్చినప్పుడు పడవలో కూర్చుని చూశాం. పైన నీళ్ళు, కింద మా తోట. నీళ్ళు తీశాక చూస్తే మోకాల్లోతు ఇసక. మా అమ్మా నాన్నా ఇంకా గట్టు మీద టార్పాలిన్ కిందే ఉంటున్నారు. అందుకే ఈ ఉద్యోగానికొచ్చానండి."

ఇలాంటప్పుడు అనవలసిన మాటలన్నీ తన ఊరు పోయినప్పుడు జనం అనేశారు. అవి ఎందుకూ పనికిరావని గౌరీశ్వరికి తెలుసు.

వాన పలచబడ్డాక అతను గొట్టం మీదికెక్కి నిలబడ్డాడు. "మీరూ ఒకసారి ఎక్కి చూడండి. చూసి మీరే చెప్పండి, తాగినోడైనా ఇలా నాటుతాడా?"

అతను చెయ్యి అందించకుండానే ఆమె ఎక్కింది. చూసింది.

పై నుంచి చూస్తే వరస మొత్తం కనబడింది. కొంత దూరం తిన్నగా వచ్చి, మోచెయ్యిలా వంగి, గుండ్రంగా దేన్నో తప్పించుకున్నట్టు తిరిగి, మళ్ళీ సాగింది. మధ్యలో ఒక చోట బొత్తిగా ఖాళీ. ఆ ఖాళీ అవతల మళ్ళీ మొక్కలు.

గౌరీశ్వరి గొట్టం అంచు దాకా జరిగింది.

"అది మా గట్టండీ."

"ఏంటండీ?"

"మా చోళ్ళ చేను గట్టు. రాగులు పండించీవోళ్ళం. అదిగో, అలా గుండ్రంగా తిరిగినాది సూడండి, అక్కడ నుయ్యుండేది. నాను బడి నుంచి వచ్చి తాతకి గంజి క్యాను పట్టికెళ్ళేదాన్ని. ఈ వంపులోనే కాలు జారి పడేదాన్ని." వేలు పెట్టి చూపించింది. "ఆ పక్కవి కాశమ్మ మామ్మ నువ్వుల చేను అంచు. ఆవిడ తన అంచులోనే నాటినాది. ఎవరి చేలో ఆల్లే నాటుకున్నారు."

"మరి ఆ ఖాళీ?"

"అది వరహాలు తాతది. ఆయన పోయినాడు. కొడుకులు బొంబాయి ఎల్లిపోనారు. అడక్కుండా ఒకరి భూమిలో ఇంకొకరు గునపం దించరు మావోళ్ళు."

కింద చేను లేదు, గట్టు లేదు, నుయ్యి లేదు. ప్రొక్లెయినరు చదును చేసిన ఎర్రమట్టి, తారు రోడ్డు. ఆ మట్టి మీద ఆ ముసలి కాళ్ళు ఎక్కడ మళ్ళాలో అక్కడ మళ్ళాయి.

తాతబాబు చాలాసేపు చూశాడు. తర్వాత గొట్టం దిగి, రాళ్ళకి కట్టి ఉన్న తాడు విప్పి, తిరిగి ఉండగా చుట్టేశాడు.

ఆ రోజు నుంచి మళ్ళీ తాడు కట్టలేదు.

* * *

కాంట్రాక్టరు అడిగితే "కింద రాయి తగిలిందండి, పక్కకి జరిపాం" అని చెప్పేవాడు. శనివారాల్లో అతను కూడా పిల్లలతో పాటు చలమయ్య పక్కన గొంతుక్కూర్చునేవాడు. ఏ గాలికి ఏ మబ్బు వస్తుందో, చోళ్ళు ఎప్పుడు చల్లాలో, గంటెల చేనుకి, అంటే సజ్జ చేనుకి, పిట్టల్ని ఎలా తోలాలో చలమయ్య పిల్లలకి చెప్పేవాడు. ఎప్పుడో పోయిన మాట ఆయనకి తిరిగి వచ్చింది. "ఈయేళ నువ్వుల చేలో నాటినాం" అని పిల్లలు ఇళ్ళకెళ్ళి చెబుతుంటే తల్లులు తెల్లబోయేవాళ్ళు.

తాతబాబు శనివారాలే కాక మిగతా రోజులు కూడా కాలనీ వైపు రావడం మొదలుపెట్టాడు. బాలవాడి కిటికీ రోడ్డుకి ఎదురుగానే ఉంది. పిల్లల చేత పాట పాడిస్తూ గౌరీశ్వరి తలెత్తేసరికి అతను ఏదో మొక్కని పరీక్షగా చూస్తూ ఉండేవాడు. ఆమె తల దించుకోగానే అతను తలెత్తేవాడు. ఈ తూగుటుయ్యాల కాలనీలో అందరికీ కనబడింది, వాళ్ళిద్దరికి తప్ప.

"ఏటి తాతబాబూ, రోజూ వత్తన్నావు?" అంది కాశమ్మ ఒకనాడు.

"మొక్కలకి నీళ్ళు చూడాలి కదండీ మామ్మగారూ."

"వానాకాలంలోనా?"

అతను గొడుగు తెరవబోయి, తెరుచుకోక, అలాగే వెళ్ళిపోయాడు.

గౌరీశ్వరి ఆ రాత్రి అద్దంలో తన మొహం చూసుకుని, బొట్టు తిన్నగా లేదని మళ్ళీ పెట్టుకుంది. ఎవరికీ చెప్పుకోలేదు. ఊరు పోయిన తర్వాత ఆ ఇంట్లో సంతోషం వస్తే దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియదు.

జీపు వచ్చింది ఒక శుక్రవారం.

గవర్రాజు దిగి, రోడ్డు మీద నిలబడి, ఆ చివర నుంచి ఈ చివరకి చూశాడు. గౌరీశ్వరి బాలవాడి పిల్లల్ని ఇళ్ళకి దిగబెట్టి అటే వస్తోంది.

"రాయి తగిలిందా? ఎంత దూరం తగిలిందిరా రాయి? నన్నెర్రివాడ్ని సేత్తన్నావా?" గవర్రాజు గొంతు కొండకి తగిలి తిరిగొస్తోంది. "మంగళవారం ఇనస్పెక్షనున్నాది. ఇది సూత్తే నా బిల్లు మొహాన్ని కొడతారు. సోమవారం పొద్దుటికి ఇవన్నీ పీకించీసి, కొత్తవి తాడు కట్టి నాటించు. నేదా, పెట్టె సర్దుకో. ఈ ముసలోళ్ళెవలూ మళ్ళీ ఇటు రాకూడదు. ఇనపడిందా?"

తాతబాబు తల వంచుకుని నిలబడ్డాడు.

"ఇనపడిందా అనడుగుతన్నాను!"

"ఆయ్," అన్నాడు తాతబాబు.

జీపు వెళ్ళిపోయింది. గౌరీశ్వరి అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"తీసేత్తారా?"

"నేను తియ్యకపోతే కూలీల్ని పెట్టి లాగించేస్తాడండి."

"మీరు తీసేత్తారా అనడుగుతన్నాను."

అతను బురదలోకి చూశాడు. "ఇంటికాడ నా జీతం మీదే పొయ్యి వెలుగుతోందండి."

"మా తాత మంచం మీంచి లెగిసినాడు ఈటి కోసం. మీకు తెలుసు."

"తెలుసండి."

"తెలిసీ."

"తెలిసేనండి."

ఆమె వెనక్కి తిరిగింది. రెండడుగులు వేశాక వెనక నుంచి, "తాతగారికి నేనే చెబుతానండి," అన్న మాట వినబడింది.

"వొద్దు. మా ఇంటికి రాకండి."

తనైనా తాతకి ముందుగా చెప్పి ఉండవలసింది. చెబుదామని రెండుసార్లు మంచం దాకా వెళ్ళింది. ఆయన పలుగు మొన నూరుకుంటూ, "రేపు వరహాలు కొడుక్కి ఉత్తరం రాయవే. ఆడి ముక్కలో నాటమంటాడేమో అడుగు," అన్నాడు. ఏదో జరిగి తాతబాబు మనసు మారుతుందేమో, అసలు సోమవారమే రాదేమో అన్నట్టు ఆమె ఊరుకుంది.

ఆ శనివారం మాత్రం వాన విడవలేదు. ఎవరూ గడప దాటలేదు. ఆదివారం అంతకంటే ఎక్కువ కురిసింది.

సోమవారం తెల్లవారి చలమయ్య మొక్కల్ని చూడ్డానికి వెళ్ళాడు. గట్టు వంపు దగ్గర గుంతలు పూడ్చేసి ఉన్నాయి. రోడ్డు వారగా కొత్త మొక్కలు, కవాతుకి నిలబెట్టిన పోలీసుల్లా, తిన్నగా ఉన్నాయి. ఆయన ఆ చివర నుంచి ఈ చివర దాకా వానలోనే నడిచాడు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. తలగుడ్డ విప్పి మడతపెట్టి సీతాలు చేతికిచ్చాడు. మంచం మీద గోడకి తిరిగి పడుకున్నాడు.

తడిసిన ఒంటికి జ్వరం పట్టుకుంది. గాజువాక డాక్టరు వచ్చి సూదిమందు ఇచ్చి, గుండెల్లో నిమ్ము చేరిందన్నాడు. గంజి పోస్తే మింగలేదు. గౌరీశ్వరి పక్కనే కూర్చుని కాళ్ళు రాస్తూ ఉండేది. ఒక మధ్యాహ్నం ఆయన గోడ వైపు నుంచే మాట్లాడాడు.

"గుంటా."

"ఏటి తాతా?"

"ఆ గుంటడి మీద కోపం ఒగ్గీ."

ఆమె కాళ్ళు రాయడం ఆపింది.

"భూములు తీసుకున్ననాడు నాను కూడా తలూపినవోడినే. ఏలిముద్ర ఏసినాను. మీ అయ్య వొద్దని ఏడిసినాడు. ఇంటిలో తిండి గింజలు నేవు, ఏటి సేత్తాను? తిండి కోసం అందరం ఊ అన్నవోళ్ళమే. ఆడు ఇంకా కుర్రోడు."

"ఆడికీ నీకూ ఒకటేనా?"

"ఒకటేనే," అన్నాడు చలమయ్య.

తర్వాత ఆయన మాట్లాడినవి మాటలు కావు. పిట్టల్ని తోలే కేకలు. ముసురు పట్టిన వానలోనే, ఒక పొద్దున్న పోయాడు.

వాళ్ళలో పూడ్చడమే ఆచారం. కాలనీకి శ్మశానమని కొండవార రాళ్ళ బీడు చూపించారు. ఒక్క చెట్టు లేదు. గొయ్యి తవ్వుతుంటే నీళ్ళూరాయి. ఆ నీళ్ళు తోడుతున్నవాళ్ళలో తాతబాబు ఉన్నాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. సీతాలు అతన్ని ఒకసారి చూసి తల తిప్పుకుంది. గౌరీశ్వరి అసలు చూడలేదు.

* * *

కర్మకాండ ముగిసిన మర్నాడు కాలనీలోకి ఒక తొక్కుడు రిక్షా వచ్చింది. తొక్కుతున్నది తాతబాబే. బండి నిండా కానుగ మొక్కలు. ఒక్కో మొక్కకి వేళ్ళ చుట్టూ మట్టి రాలకుండా ఎండుగడ్డి చుట్టి, పురికొసతో కట్టి ఉంది.

సీతాలు ఇంటి ముందు ఆపి దిగాడు. గౌరీశ్వరి గుమ్మంలో నిలబడింది.

"ఇవి తాతగారివండి. అందరివీను. ఆదివారం కూలీలు రాకముందే నేనే తవ్వాను. మేం అంట్లు తీసినట్టు మట్టితో సహా తీశాను. నేనుండే ఇంటి పశువులశాలలో పెట్టాను. కొన్ని పోయాయండి. ఇవి బతికాయి."

ఆమె మొక్కల వైపు చూసింది. ఆదివారం కురిసిన వాన ఆమెకి గుర్తుంది. ఆ వానలో కుక్క కూడా బయట లేదు.

"అప్పుడే సెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పనండి? పీకేశాను గాని ఉత్తినే పీకలేదు అనా? పీకడం పీకడమే కదండీ."

"డ్యూటీకి ఎల్లనేదా?"

"మానేశాను." అతను గడ్డి సర్దుతూ చెప్పాడు. "ఇనస్పెక్షను పాసయింది. 'ఆ ముసలోళ్ళని మళ్ళీ పిలువు, ఎండలొస్తే కొత్తవాటికి నీళ్ళు పొయ్యాలి కదా' అన్నాడండి గవర్రాజుగారు. అన్నింటికీ ఆయ్ అన్నాను. దానికి మాత్రం నోరు రాలేదు."

అప్పటికి కాలనీ ముసలివాళ్ళంతా చేరారు. ఎవరి మొక్క ఏదో వాళ్ళు గుర్తుపట్టేస్తున్నారు. తాతబాబు అడిగాడు, "ఎక్కడ దించమంటారండి?"

అందరూ చుట్టూ చూశారు. కాలనీలో ఇంటికీ ఇంటికీ మధ్య మనిషి అడ్డంగా నడిచేంత సందే ఉంది.

"మాకు చోటెక్కడున్నాది?" అంది గౌరీశ్వరి.

కాశమ్మ ఒక మొక్కని ఎత్తి చంకనేసుకుంది. "సలమయ్య కాడ దించు."

"శ్మశానంలోనా?" అన్నారెవరో.

"ఏం? మా ముసలోడూ అక్కడే ఉన్నాడు. వరహాలూ అక్కడే ఉన్నాడు. ఈ కాలనీ గవర్మెంటోడిచ్చినాడు, రేపు కాదంటే కాదంటాడు. మనోళ్ళు పడుకున్న చోటు ఎవుడు కాదంటాడ్రా? ఇక ఈ భూమ్మీద మనదంటూ ఉంటే అదే. నడండి."

నడిచారు. బడి వదిలిన పిల్లలు ఎవరూ పిలవకుండానే వెనకపడ్డారు. ఎవరి వాళ్ళ దగ్గర వాళ్ళు గుంత తవ్వుకున్నారు. కాశమ్మ తన మనుమరాలి వయసు పిల్లల్ని కూర్చోబెట్టి, మొక్కని ఎంత లోతు దించాలో, మట్టిని ఎలా అదమాలో చూపిస్తోంది. అది అయ్యాక, ఆ మట్టి కింద ఉన్న తన ముసలాయన ఎలాంటివాడో కూడా చెబుతోంది. "ఒట్టి కోపిష్టి. కానీ నాను అలిగితే అన్నం తినీవోడు కాదు."

చలమయ్య దగ్గర రాతినేల. తాతబాబు గునపం వేస్తుంటే నిప్పులు లేస్తున్నాయి. గౌరీశ్వరి ఎదురుగా కూర్చుని రాళ్ళు ఏరి పక్కన వేస్తోంది.

"ఊరెల్లిపోతన్నారా?"

"సాయంత్రం బస్సుకండి."

"ఎల్లి?"

"ఇసక ఎత్తి, మళ్ళీ నారు పొయ్యాలి."

ఆమె ఇంకో రాయి తీసింది. "మరి ఈటికి వేసంగిలో నీల్లు ఎవరు సూత్తారు?"

"మీరున్నారు. పెద్దవాళ్ళున్నారు కదండీ."

"ఆల్లు సెరువులు నింపీత్తారు. మీకు తెల్దేటి?"

అతను గునపం ఆపాడు. "గౌరీశ్వరిగారూ, మనం మాట్లాడుకుంటున్నది మొక్కల గురించేనాండీ?"

దూరంగా ఓడ కూత వినబడింది. ఆమె చేతిలోని రాయి పక్కన పెట్టింది.

"కాదు," అంది.

"నాకూ కాదండి. గొట్టంలో కూర్చున్న రోజు నుంచీ కాదు."

"నాకింకా కోపం పోనేదు. తాత ఒగ్గీమన్నాడు. నాకు రాటంనేదు. ఎప్పటికి పోతాదో తెల్దు."

"ఉండనివ్వండి. కోపంతో మాట్లాడినా ఫర్వాలేదు. అసలు మాట్లాడకుండా ఉన్నారు చూడండి, అది నా వల్ల కాలేదు."

గౌరీశ్వరి మొక్కకి చుట్టిన గడ్డి విప్పింది. ఇద్దరూ కలిసి దాన్ని గుంతలోకి దించారు. వేళ్ళు అల్లుకున్న ఆ మట్టి ఎర్రగా, తడిగా ఉంది. అది పాత చేలోది. ఆ సంగతి తట్టాక ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి, కళ్ళల్లోంచి నీళ్ళు ఆ మట్టి మీదే పడ్డాయి. అతను చూడనట్టు పక్కకి తిరిగి, చేత్తో చుట్టూ మట్టి తోస్తూ ఉన్నాడు.

సీతాలు బిందెతో నీళ్ళు తెచ్చింది. పొయ్యకుండా నిలబడింది. మామగారు పోయాక కూడా ఆ కుర్రాడితో ఒక్క మాట ఆడని మనిషి. అతని చేతుల వైపు, బొబ్బలెక్కిన అరచేతుల వైపు, చాలాసేపు చూసింది. తర్వాత కూతురి మొహం చూసింది.

"బాబూ," అంది.

"అండి?"

"మీ ఇంటిపేరేటి?"

చుట్టూ ఉన్న గునపాలన్నీ ఆగిపోయాయి. పెళ్ళీడు పిల్ల తల్లి ఒక కుర్రాడిని ఇంటిపేరు ఎందుకు అడుగుతుందో అక్కడ తెలియనివాళ్ళు లేరు. గౌరీశ్వరి తలెత్తలేదు.

తాతబాబు లేచి నిలబడ్డాడు. మట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు. "సలాది వారమండి."

సీతాలు ఆలోచించింది. "మాము కర్రివోళ్ళం. వేరే." ఆ 'వేరే'కి తనలో తానే ఒకసారి తలూపింది. "మైల ఉన్నాది, ఏడాది దాకా ఏ శుభమూ సెయ్యం. ఎల్లి మీ అమ్మానాన్నల్ని తీసుకురా. టార్పాలిన్ కింద ఎన్నాళ్ళుంటారు? ఇరుకో పరుకో, గోడలున్నాయి మాకు."

బిందె వంచి ఆపేసింది.

"ఎంత పొయ్యమంటావు?" అనడిగింది అతన్ని.

అతను నోరు తెరిచేలోగా గౌరీశ్వరే చెయ్యి చాపి బిందె అంచు పట్టుకుంది.

"నెమ్మదిగా పొయ్యమ్మా," అంది. "నాను సెబుతాను, ఎక్కడ ఆపాలో."